ఏమీ జరగని వేసవులు

శనివారం పూట వీధి పొయ్యి దగ్గర రొట్టెలు కాలేదాకా ఆడవాళ్ళు మొగుళ్ళ గురించి చెప్పుకునేవారు. ఎవరి మొగుడు ఎన్ని బారల లోతుకు దిగాడో, ఎవరి మొగుడు సొరచేపను చూసి నవ్వాడో, ఎవరి మొగుడికి మిషను కొట్టిందో. నొమికికి మాత్రం చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. పిండి అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ వింటూ ఊరుకునేది.

కాలిమ్నోస్ దీవిలో రాయి తప్ప మన్ను లేదు. అందుకని ఈస్టరు పండగ వెళ్ళగానే మగవాళ్ళు పడవలెక్కి ఆఫ్రికా తీరానికి పోయి, సముద్రం అడుగున పెరిగే స్పాంజి కోసుకుని, ద్రాక్ష కోతలు అయిపోయాక తిరిగొచ్చేవారు. రబ్బరు తొడుగు తొడుక్కుని, తలకి ఇత్తడి బుర్ర బిగించుకుని, పైనుంచి పంపుతో కొట్టే గాలి పీలుస్తూ అడుగున నడిచేవారు. ఆ సరంజామా అంతటినీ కలిపి వాళ్ళు మిషను అనేవారు. మరీ లోతుకు దిగి, మరీ ఎక్కువసేపు ఉండి, గబుక్కున పైకొస్తే కాళ్ళు చచ్చుబడతాయి. కొందరికి ప్రాణమే పోతుంది. దాన్ని "మిషను కొట్టడం" అనేవారు, పిడుగు పడటం లాగా, ఎవరి చేతిలోనూ లేని సంగతి లాగా.

నొమికి తండ్రికి ఆమె పుట్టకముందే మిషను కొట్టింది. రెండు కర్రల మీద నడిచేవాడు. ఆయన కాఫీ కొట్టులోకి వస్తే కుర్రవాళ్ళు లేచి కుర్చీ వేసేవారు. చిన్నప్పుడు ఆయన పక్కన నడుస్తూ బజారు దాటడమంటే నొమికికి తనో రాజకుమారి అయినట్టుండేది. అలాంటి తండ్రి ఆమెకు చూసిన సంబంధం థెమెలిస్. పొట్టి మనిషి, నీళ్ళు కారే కళ్ళు, ఎండాకాలంలో కూడా కోటు గుండీలన్నీ పెట్టుకునేవాడు. సొంత పడవ ఉంది, సరంగు. "ఈ మనిషిలో ఏం చూశావు నాన్నా?" అని ఆమె అడిగితే, "ఇంటికొస్తాడు" అన్నాడాయన. అంతకుమించి చెప్పలేదు. అది కూడా ఒక గుణమేనా అనుకుంది నొమికి.

థెమెలిస్ ఇంటికొచ్చేవాడు. అతని పడవలో వెళ్ళినవాళ్ళూ అందరూ ఇళ్ళకొచ్చేవారు, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నడుచుకుంటూ. గాలిగొట్టాన్ని పొద్దున్నే జానెడు జానెడు చెంపకానించి చూసుకునేవాడు, ఎక్కడైనా ఊపిరి తగులుతుందేమోనని. లోతుకు ఒక హద్దు పెట్టుకున్నాడు. ఇసుక గడియారం అయిపోగానే తాడు లాగేవాడు. కింద ఉన్నవాడు చేతినిండా స్పాంజి పట్టుకుని బతిమాలినట్టు తాడు కదిపినా సరే, పైకి లాగేసేవాడు. ఊరు అతనికి "కోడిపెట్ట సరంగు" అని పేరు పెట్టింది. పెళ్ళి కుదిరిన కుర్రవాళ్ళు, తల్లులు ఏడిచి పంపిన కుర్రవాళ్ళు అతని పడవెక్కేవారు. మరుసటేడు వాళ్ళే సిగ్గుపడి సిదెరిస్ దగ్గరికి పోయేవారు.

సిదెరిస్ సంగతే వేరు. ఆరడుగుల మనిషి, చెవికి పోగు. అతని పడవలు అంచుల దాకా మునిగి వచ్చేవి. రేవులో దిగగానే తుపాకి పేల్చేవాడు, ఫిడేలువాళ్ళను పిలిపించేవాడు. మిషను కొట్టిన కుర్రవాణ్ణి భుజాల మీదికి ఎక్కించుకుని బజారంతా తిప్పేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ కుర్రవాణ్ణి ఆ లోతుకు దింపింది ఎవరని ఎవరూ అడిగేవారు కాదు. తిరిగిరానివాళ్ళ పేర్లు చర్చిలో ఫాదిరి చదువుతుంటే అందరికన్నా ముందు కళ్ళు తుడుచుకునేది కూడా సిదెరిసే. ఆ కన్నీళ్ళు నిజమైనవే.

ఒక ఏడు ఈస్టరుకి ముందు పొయ్యి దగ్గర సిదెరిస్ చెల్లెలు కలొతినా రొట్టె తిరగేస్తూ అంది:

"వదినా, మీ ఆయన ఈసారి స్పాంజికి పోతున్నాడా, షికారుకా?"

అందరూ నవ్వారు. ఇంకొకామె అందుకుంది. "పోనీవే, ఆయన పడవలో జలుబు కూడా చెయ్యదంట. పడుకునేముందు అందరికీ దుప్పట్లు కప్పుతాడంట."

నొమికి కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని తెలుసు. రొట్టెలు నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చింది.

థెమెలిస్ గుమ్మంలో కూర్చుని బూట్లకు నూనె రాస్తున్నాడు.

"ఊరంతా నవ్వుతోంది" అంది.

"నవ్వితే మంచిదేగా. ఏడవడంలేదు."

"నీకు వేళాకోళంగా ఉంది. వినేది నేను. మా నాన్న కాళ్ళు పోగొట్టుకున్నాడు గానీ, ఎవరి ముందూ తల దించుకోలేదు."

"దించుకోలేదు, నిజమే" అన్నాడు థెమెలిస్ బూటు తిప్పి చూసుకుంటూ. "వంగితే పడిపోతాడు మరి."

ఆ మాటకు ఆమె ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోయిన తండ్రిని అంతమాట అన్నాడని కాదు. అది నిజం కాబట్టి. తండ్రి మంచం మీంచి లేవలేక గోడకేసి తిరిగి ఏడవడం ఆమె చూసింది. అది కాఫీ కొట్టు చూడలేదు.

"ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మగాడిలా వెళ్ళి రా" అంది.

థెమెలిస్ చెయ్యి ఆగిపోయింది. బూట్లు రెండూ జతచేసి గోడవారగా పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. పడవ కదిలే రోజు ఫాదిరి దీవించాక ఆమె నుదుటి మీద ఎప్పటిలాగే ముద్దు పెట్టాడు. ఎప్పటిలాగే "వస్తాను" అన్నాడు. ఆమె మాత్రం అతని ముఖంలోకి సరిగా చూడలేదు.

ఆ ఏడు అతని పడవలో స్టమాటిస్ అని ఒక కుర్రవాడు ఎక్కాడు. విధవరాలు సెవస్తి ఒక్కగానొక్క కొడుకు. వాడి తండ్రి సముద్రంలోనే పోయాడు. సెవస్తి వచ్చి కాళ్ళావేళ్ళా పడి థెమెలిస్ పడవలో వేయించింది. వాడికి అది తలకొట్టేసినట్టుంది. గట్టు మీద నిలబడ్డ స్నేహితులు "కొక్కొక్కొక్కో" అని కోడిలా కూస్తుంటే వాడు కూడా వాళ్ళతో కలిసి కూస్తూ, చెవులు ఎర్రబడి, పడవెక్కాడు.

తర్వాత జరిగింది నొమికికి ముక్కలు ముక్కలుగా తెలిసింది, చాలావరకు మొగుడి నోటే. ఆఫ్రికా తీరంలో డెర్నాకి తూర్పున అడుగు నేల కొంతదూరం చదునుగా పోయి, ఒక్కసారిగా మెట్టు దిగినట్టు జారిపోతుంది. ఆ మెట్టు కింద స్పాంజి దుబ్బులు దుబ్బులుగా ఉంటుంది. అది థెమెలిస్ హద్దుకి అవతల. సిదెరిస్ పడవ ఎదురుగానే లంగరేసుకుని రోజూ బస్తాలు నింపుకుంటోంది. అక్కడివాళ్ళు ఇటు చూసి పాటలు కట్టి పాడుతున్నారు. థెమెలిస్ మనుషులు అన్నం దగ్గర మాట్లాడటం మానేశారు.

"మావా, ఒక్కసారి వదులు" అన్నాడు స్టమాటిస్. "నాకు ఊపిరి ఉంది, కాళ్ళున్నాయి. ఒక్కసారి. మళ్ళీ అడిగితే చెంప పగలగొట్టు."

అంతకుముందు ఎంతమందో అడిగారు. ఎప్పుడూ వద్దనే అన్నాడు. ఆ రోజు మాత్రం నోటికొచ్చిన "వద్దు"ని మింగేశాడు. హద్దు దాటేదాకా తాడు వదిలాడు.

ఇసుక అయిపోయింది. తాడు లాగాడు. జవాబు లేదు. మళ్ళీ లాగాడు. గాలిగొట్టం మెట్టు అంచున రాళ్ళలో ఇరుక్కుపోయింది. పడవలో ఇంకో తొడుగు ఉంది. దిగడానికి కుర్రవాళ్ళున్నారు. కానీ ఎవరి ముఖంలోనూ నెత్తురు లేదు. థెమెలిస్ దిగడం మానేసి చాలా ఏళ్ళయింది. కోటు విప్పి తనే దిగాడు. చీకట్లో తడుముకుంటూ గొట్టం విడిపించాడు, కుర్రవాణ్ణి పట్టుకుని పైకి తెచ్చాడు. నెమ్మదిగా తేవడానికి వ్యవధి లేదు. స్టమాటిస్ సాయంత్రం దాకా బతికాడు, నీళ్ళడిగాడు, అమ్మ పేరు తలిచాడు. వాణ్ణి ఒడ్డున ఇసుకలో పాతిపెట్టి, విరిగిన తెడ్డుతో శిలువ నాటారు. థెమెలిస్‌కి నడుం కింద స్పర్శ పోయింది. కొన్ని వారాలకు ఎడమకాలు కొంచెం వచ్చింది. కుడికాలు రాలేదు.

కబురు సిదెరిస్ పడవతో ముందే ఊరు చేరింది. థెమెలిస్ పడవ రేవులోకి రాగానే గంటలు కొట్టారు. జనం ఇసకేస్తే రాలనంత. సిదెరిస్ నీళ్ళలోకి దూకి పడవెక్కి, థెమెలిస్‌ని చిన్నపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తి, తన భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు.

"చూడండ్రా!" అని అరిచాడు. "కోడిపెట్ట అన్నాం ఈయన్ని! నా నోట్లో మన్ను పొయ్య! సింహంరా, సింహం!"

జనం హోరెత్తిపోయారు. ఆ హోరులో నొమికికి మొదట కలిగింది సంతోషం. మొగుడి కాళ్ళు రెండూ సిదెరిస్ ఛాతీ మీద తడిగుడ్డల్లా వేలాడటం తర్వాత చూసింది. ముందు సంతోషమే కలిగింది, ఛాతీ నిండా, చిన్నప్పుడు బజారు దాటినప్పటి సంతోషం. ఈ సంగతి ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు. తలలన్నిటి మీదుగా థెమెలిస్ ఆమెను వెతుక్కుని చూశాడు. పట్టుబడ్డ దొంగను ఊరేగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ముఖం.

పొయ్యి దగ్గర ఇప్పుడు నొమికి వస్తే జరిగి చోటిచ్చారు. ఆమె రొట్టెలు ముందు పెట్టనిచ్చారు. "అలాంటి మొగుడుంటే కాళ్ళు లేకపోతేనేం వదినా" అంది కలొతినా, వెటకారం లేకుండా. నొమికి ఆ మాట ఇంటికి తెచ్చుకుని, రెండు మూడు రోజులు తీపిగా చప్పరించింది. ఆ తర్వాత మొగుణ్ణి మరుగుదొడ్డికి ఎత్తుకెళ్ళేటప్పుడు, అతను సిగ్గుతో కళ్ళు మూసుకుంటే, ఆ తీపి విరిగిపోయింది.

ఒక మధ్యాహ్నం సెవస్తి వచ్చింది. నల్లబట్టల మీద నల్లబట్టలు కట్టినట్టు ఉంది మనిషి. కొంగులో ఎండు అత్తిపళ్ళు తెచ్చింది. నేరుగా థెమెలిస్ మంచం దగ్గరికెళ్ళి, వంగి, అతని చెయ్యి ముద్దుపెట్టుకుంది.

"నా బిడ్డని చేపలకి వదల్లేదు నాయనా. మట్టికిచ్చావు. వాళ్ళ నాన్నకి అది కూడా లేదు."

థెమెలిస్ చెయ్యి లాక్కున్నాడు.

"అక్కా, కూర్చో. నీకొకటి చెప్పాలి. వాణ్ణి అక్కడికి దింపింది నేను. లోతు తెలిసే దింపాను. నా హద్దు దాటి దింపాను. నేను వద్దనుంటే ఈపాటికి నీ కొడుకు నీ దగ్గర కూర్చుని అత్తిపళ్ళు తినేవాడు."

నొమికి నీళ్ళచెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అలా అనకు" అంది సెవస్తి.

"నిజమక్కా. నేను చేసింది వీరత్వం కాదు. పాడుచేసి, బాగుచెయ్యబోయాను. అదీ కాలేదు."

"అనకన్నానా!" ముసలామె గొంతు ఒక్కసారి చీరుకుపోయింది. "నా పెనిమిటి ఎలా పోయాడు? సిదెరిస్ వాళ్ళ నాన్న పందెం కాస్తే పోయాడు. పందానికి! ఊరంతా ఏవంది? మగాడు, సముద్రాన్ని గెలవబోయాడు అంది. ఆ మాట పట్టుకుని బతికాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు నా కొడుకు కూడా ఊరికే పోయాడంటావా? ఎవడో కోడికూత కూశాడని పోయాడంటావా? ఆ మాట నెత్తినేసుకుని నేనెలా పడుకోవాలి చెప్పు! సింహం కాపాడబోతే పోయాడు నా బిడ్డ. అంతే. అంతకంటే ఇంకేం చెప్పకు నాకు."

అత్తిపళ్ళు మంచం పక్కన పెట్టి లేచింది. నొమికి ఆమె వెంట వీధి మలుపు దాకా వెళ్ళింది. అక్కడ చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఆయన కాదు. నేను. మగాడిలా వెళ్ళి రమ్మని నేనన్నాను."

సెవస్తి ఆమె ముఖంలోకి చూసింది. కొడుతుందేమో, కొడితే బావుండుననుకుంది నొమికి.

"నేను అనలేదనుకున్నావా మా ఆయన్ని?" అంది సెవస్తి. "పందెం కాశారని వచ్చి చెప్తే, నవ్వి, 'నీ వల్ల కాదులే' అన్నాను." చెయ్యి విడిపించుకుంది. "నా వెంట రాకు."

ఆ రోజు నుంచి సెవస్తి నొమికితో మాట్లాడలేదు. చర్చిలో ఎదురుపడితే తల పక్కకి తిప్పుకునేది. థెమెలిస్‌కి మాత్రం పండగ పండగకీ అత్తిపళ్ళు పంపేది.

థెమెలిస్ నిజం చెప్పడం మానలేదు. కర్రల మీద కాఫీ కొట్టుకి పోయేంత ఓపిక రాగానే అక్కడా చెప్పాడు. "నా తప్పు వల్ల కుర్రాడు పోయాడు" అన్నాడు. ఒక ముసలివాడు లేచి, "గొప్పవాళ్ళు ఇలాగే మాట్లాడతార్రా, నేర్చుకోండి" అన్నాడు. ఎవరో సారా తెప్పించారు. ఇంటికొచ్చాక థెమెలిస్ కర్రలు గోడకి విసిరికొట్టాడు. నొమికి అవి ఏరి తెచ్చి మంచం పక్కన ఆనించింది.

వసంతంలో వింత జరిగింది. అతని పడవ ఎక్కడానికి కుర్రవాళ్ళు తోసుకుంటూ వచ్చారు. అంతకుముందు బతిమాలినా రానివాళ్ళు. "నువ్వు దిగక్కర్లేదు సింహం, ఊరికే కూర్చో. నీ తాడు మీద దిగామంటే చాలు" అన్నారు. థెమెలిస్ వాళ్ళను ఒక్కొక్కణ్ణీ చూశాడు.

"నా హద్దు నాదే. ఇసుక అయిపోతే లాగేస్తాను. గొణిగినవాణ్ణి డెర్నాలో దింపేసి పోతాను."

"నీ మాటే మాట" అన్నారు.

నిజంగానే విన్నారు. మూడు నాలుగు వేసవులు అతను ఒక చెక్కపెట్టె మీద కూర్చుని పడవ నడిపాడు. పాత హద్దే, పాత గడియారమే, పాత చాదస్తమే. ఒక్కడు కూడా కోడికూత కూయలేదు. పిరికివాడు చెప్పినప్పుడు పిరికితనమైన మాట, వీరుడు చెప్పేసరికి జ్ఞానమైపోయింది. అందరూ తిరిగొచ్చారు. ఒకసారి తిరిగొచ్చిన రోజు నొమికి అతని కాళ్ళకు నూనె మర్దన చేస్తూ, "ఇప్పుడైనా నీ మాట వింటున్నారు, అది చాలదా?" అంది.

"ఎందుకు వింటున్నారో తెలుసా?" అన్నాడు థెమెలిస్. "ఒకణ్ణి చంపాను గనక. ముందే విని ఉంటే వాడు ఉండేవాడు. నేను ముందే ఒకణ్ణి చంపి ఉంటే ముందే వినేవారేమో." కుడికాలు చూపించి, "గట్టిగా రుద్దు, అక్కడ ఏమీ తెలీదు నాకు" అన్నాడు.

ఆ మర్యాద కూడా ఎంతోకాలం నిలవలేదు. కొత్త కుర్రవాళ్ళు పెరిగారు. వాళ్ళు ఆ రేవులో ఆ హోరు వినలేదు. "మిషను కొట్టాక ముసలాయనకి దడుపు పట్టుకుందంట" అన్నారు. "ఉన్న ధైర్యమంతా ఒక్కరోజులో ఖర్చు పెట్టేశాడంట" అని నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు సిదెరిస్ కొడుకు పడవల్లోకి మారిపోయారు. థెమెలిస్ పడవ అమ్మేశాడు. చేపల వలలు బాగుచేస్తూ గుమ్మంలో కూర్చునేవాడు. ఒక చలికాలం దగ్గు పట్టుకుని, పదిరోజులు మంచాన ఉండి, పోయాడు.

అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది. ఫాదిరి గొంతు పెంచి ఆ ఒక్క మధ్యాహ్నం గురించి చెప్పాడు. ఇత్తడి బుర్ర, చీకటి, రాళ్ళు, సింహం. ఆడవాళ్ళు ఏడ్చారు. మిగతా ఏళ్ళ గురించి ఆయన ఒక్క ముక్క అనలేదు. అనడానికి ఆయనకి మాత్రం ఏం తెలుసు? శవపెట్టె మోసినవాళ్ళలో నలుగురు ఒకప్పుడు థెమెలిస్ పడవలో పనిచేసి, సిగ్గుపడి వెళ్ళిపోయినవాళ్ళు. లేచి ఏదో ఒకటి చెప్పాలని నొమికికి అనిపించింది. సగం లేచింది కూడా. చుట్టూ తడిసిన ముఖాలు చూసింది. వరసలో సెవస్తి కళ్ళు మూసుకుని, ఫాదిరి మాటలకి తలూపుతూ, పెదాలు కదుపుతోంది. నొమికి మళ్ళీ కూర్చుంది.

కొన్నేళ్ళకు పక్కింటికి ఫొతిని అనే పిల్ల కొత్తకోడలిగా వచ్చింది. ఆమె మొగుడు ఆ ఈస్టరుకి మొదటిసారి మిషనులో దిగబోతున్నాడు. ఒకరోజు బీన్సు ఒలుచుకుంటూ ఫొతిని అడిగింది:

"అత్తా, మామయ్య గారి కథ చెప్పవూ. మా ఆయన అడగమన్నాడు."

నొమికి మొదలుపెట్టింది. ఆయన పొద్దున్నే లేచి గాలిగొట్టం చెంపకానించి చూసుకునేవాడని చెప్పింది. ఇసుక అయిపోగానే తాడు లాగేవాడని చెప్పింది. పెళ్ళయిన మొదటి వేసవి అందరూ తిరిగొచ్చారు. రెండో వేసవీ అంతే. ఆ తర్వాతదీ అంతే. చెబుతూ చెబుతూ ఆమెకే తెలిసింది, ఇందులో కథ లేదని. ఏమీ జరగకపోవడాన్ని ఎలా చెప్పాలి? దాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి? ఫొతిని వేళ్ళు బీన్సు మీద ఆడుతున్నాయి గానీ కళ్ళు వీధిలోకి పోయాయి.

"మరి కిందికి దిగింది ఎప్పుడత్తా? ఆ కుర్రాణ్ణి తెచ్చింది?"

"అదొక్కసారే."

"అదే చెప్పు!"

నొమికి చెప్పలేదు. ఒలిచిన గింజలు గిన్నెలోకి జారవిడిచి, పిల్ల ముంజేతిని గట్టిగా పట్టుకుంది.

"నీ మొగుడితో చెప్పు. తాడు లాగిన వెంటనే పైకి రమ్మని చెప్పు. చేతిలో ఏమున్నా వదిలేసి రమ్మను. నాకు నువ్వు ఇంటికి రావడమే కావాలి అని చెప్పు. ఈ రాత్రే చెప్పు."

ఫొతిని చెయ్యి నొప్పెట్టినా విడిపించుకోలేదు. పెద్దామె మనసు కష్టపెట్టకూడదని నవ్వింది.

"అమ్మో, అలాగంటే ఆయన నా ముఖం చూస్తాడా అత్తా? పిరికిదాన్ని చేసుకున్నానురా దేవుడా అనుకోడూ?"

నొమికి ఆ పిల్ల ముఖం చూసింది. నున్నటి బుగ్గలు, కొత్త గర్వంతో మెరిసే కళ్ళు. ఆమె చెయ్యి వదల్లేదు.

"అనుకోనీవే," అంది. "అనుకుంటే అనుకోనీ."

ఫొతిని బుద్ధిగా తలూపింది. చెబుతుందో లేదో నొమికికి తెలియదు.